తిరగేసి

మా బావగారు మా పొయ్యి నాబ్‌లు మూడూ పీకి చొక్కా జేబులో వేసుకుని వెళ్ళిపోయిన సాయంత్రంతో ఆ వేసవి మొదలైంది. ఎండలు అంతకు ముందే వచ్చాయి. నా ఒంట్లో మంట మాత్రం ఆ రోజే మొదలు.

ఆయన దగ్గర కారణం లేకపోలేదు. అత్తయ్య పాలు పొయ్యి మీద పెట్టి, ఆరిన బట్టలు తేవడానికి మేడ మీదికి వెళ్ళి, పక్కింటావిడతో మాటల్లో పడి పాల సంగతే మరిచిపోయింది. నేను ముందుగదిలో కుట్టుమిషన్ మీద ఉన్నాను. మిషన్ నడుస్తుంటే నాకు వాసన కూడా వినపడదని మా ఆయన వేళాకోళం ఆడతారు. వేరే కాపురం ఉండే బావగారు వచ్చేసరికి గిన్నె అడుగు బొగ్గయింది, వంటిల్లంతా పొగ. నెల తిరక్కుండా అది రెండోసారి.

"ఇల్లు తగలబడ్డాక మాట్లాడుకుందామా?" అన్నారాయన, నన్ను చూసి. తల్లిని చూసి అనలేదు. నాబ్‌లు ఒక్కొక్కటీ పట్టుకుని గట్టిగా లాగారు. మా ఆయన గుమ్మంలో నిలబడి తన చెప్పుల వంక చూస్తున్నారు. మా ఆయన బస్సు నడుపుతారు. రోడ్డు మీద ఎవడు అడ్డొచ్చినా ఊరుకోని మనిషి, ఇంట్లో అన్నగారు ఎదురైతే మాత్రం బ్రేకు మీంచి కాలు తియ్యరు.

అందరూ సర్దుకున్నాక అత్తయ్య వంటింట్లోకి వెళ్ళింది. నాబ్‌లు ఉండాల్సిన చోట మూడు ఇనుప పుల్లలు పొడుచుకుని ఉన్నాయి. వేళ్ళతో తిప్పి చూసింది. తువ్వాలు చుట్టి తిప్పి చూసింది. తర్వాత నా దగ్గరికి వచ్చి, పొయ్యి పాడైపోయింది, బాగుచేసేవాణ్ణి పిలవమంది. పెద్దకొడుకు పీకడం పావుగంట కిందటే కళ్ళారా చూసింది ఆవిడ.

ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒక బడి వంటశాలలో పెద్ద వంటమనిషిగా చేసింది. నాలుగు వందల మంది పిల్లలకు వండి, ఏ పిల్లకు ఏది పడదో పుస్తకం చూడకుండా చెప్పేది. పని మానేశాక ఆ వంటశాల మొత్తం మా మూడు బర్నర్ల పొయ్యి మీదికి వచ్చింది. నేను పెళ్ళయి వచ్చిన కొత్తలోనే చెప్పింది: "కుట్టడం నీది, వండడం నాది. ఒకళ్ళ దాంట్లో ఒకళ్ళు వేలు పెట్టకూడదు." అన్ని ఏళ్ళూ మా ఇద్దరి మధ్యా గొడవ లేదంటే కారణం ఆ ఒక్క మాటే. ఇప్పుడు ఆవిడ వాటా ఆవిడ చేతిలోంచి లాక్కున్నారు.

డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ఆవిడ తేలిక చేసీ చెప్పలేదు, భయపెట్టీ చెప్పలేదు. పాత అలవాట్లు చాలాకాలం నిలుస్తాయి, కొత్తవి నేర్చుకునే శక్తే ముందు పోతుంది అంది. నేర్పాల్సింది ఏదైనా ఉంటే ఈ రెండు మూడు నెలల్లోనే నేర్పెయ్యమంది. ఆ మాట నేను బయటికి వచ్చేదాకా మనసులో పదిసార్లు అనుకున్నాను. నా బుర్రలో అప్పటికే ఒక సంగతి తిరుగుతోంది.

బళ్ళలో నాటకాలకు దుస్తులు కుట్టి ఇస్తుంటాను. అయిదారేళ్ళ కిందట ఒక పిల్ల రాణి వేషానికి మెరిసే దీపాలు కావాలంటే, కుట్టులో చిన్న బల్బులు పెట్టాను. అక్కణ్ణుంచి వైర్లు అతికే సోల్డరింగ్ పట్టుకున్నాను. కత్తెర పక్కన సోల్డరింగ్ ఐరన్, దారం ఉండల పక్కన వైర్లు. సరదా అన్నారు అందరూ. సరదానే. అయితే ఆ సరదాతోనే ఒక పరికరం చెయ్యొచ్చనిపించింది. పొయ్యి వేడిగా ఉండి, దాని ముందు మనిషి లేకపోతే మోగే గంట. వేడి కనిపెట్టడానికి ఒక సెన్సారు, మనిషిని కనిపెట్టడానికి ఒకటి, రెండింటి మాటా విని తీర్పు చెప్పడానికి ఒక ఐసీ చిప్పు. మోగగానే వచ్చి పొయ్యి కట్టెయ్యాలని అత్తయ్యకు అలవాటు చేస్తే, వండడం ఆవిడదే అవుతుంది మళ్ళీ.

వైర్లతో చేస్తే వంటింటి వేడికీ జిడ్డుకీ పది రోజులు కూడా ఆగదు. బోర్డు కావాలి. బోర్డంటే మరేం లేదు, వైర్లకు బదులు చిన్న పలక మీద రాగి గీతలు. ఏ గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో కంప్యూటర్లో గీసి పంపితే, చేసి పంపేవాళ్ళున్నారు. ఆ గీయడానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిదో నేను అప్పటికి నెల రోజులుగా చూస్తున్నాను. కుట్టుమిషన్ కొనేటప్పుడు కూడా అంత చూడలేదు. మొదటిది తెరవగానే తెర మీద నలభై గుండీలు, ఒక్కోదానికీ ఒక పాఠం. గుండీ కుట్టుకోవడానికి బట్టల మిల్లు కొన్నట్టుంది. రెండోది చూడ్డానికి ముచ్చటగా ఉంది కానీ గీసినదంతా వాళ్ళ దగ్గరే ఉంటుందట, ఇంటర్నెట్‌లో. నా కత్తిరింపు కాగితాలు ఎవరి బీరువాలోనో దాచి, రోజూ వెళ్ళి తాళం అడుక్కోవడం నా వల్ల కాదు. మూడోది ఉచితం. బూడిదరంగులో దిగాలుగా ఉంటుంది. గీసింది నా కంప్యూటర్లోనే ఉంటుంది, ఎవడి ముఖమూ చూడక్కర్లేదు. దాంతో నాలుగు రోజులు కుస్తీ పట్టి, అయిదో రోజుకు బోర్డు గీసేశాను.

అదే నేను చేసిన మంచి పని. చెడ్డ పని ఆ బొమ్మ బావగారికి చూపించడం.

ఆయన ఒక పెద్ద ఫ్యాక్టరీలో డిజైన్ విభాగానికి అధికారి. నా బూడిదరంగు తెర చూసి నవ్వారు. చెడ్డ నవ్వు కాదు, పిల్లలు గీసిన ఏనుగును చూసి పెద్దలు నవ్వే నవ్వు. ఇలాంటివాటిలో గీసినవి నిప్పు దగ్గర పెట్టనివ్వనన్నారు. తను వాడే పెద్ద సాఫ్ట్‌వేర్‌లో గీసి, అందులో తప్పులు చూశాకే చేయిద్దామన్నారు. సొంత సరదాలకు రెండు నెలలు ఉచితంగా ఇస్తారట, తన పేరు మీద తీసుకుంటానన్నారు.

"నాబ్‌లు ఎప్పుడిస్తారు బావగారూ?" అన్నాను.

"బోర్డు పనిచేసిన రోజున ఇస్తాను. సరిగ్గా చేస్తే చేద్దాం, లేకపోతే వద్దు."

నేను అంతెత్తున లేచేదాన్నే. మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నారు. అన్నయ్యకు తెలిసినంత మనకు తెలియదు కదా, ఒక్కసారి వినమన్నారు. మంచికే కదా అన్నారు. ఆ 'మంచికే కదా' అనే మాట విని జీవితంలో ఎన్నిసార్లు నోరు మూసుకున్నానో లెక్క తీస్తే, సగం ఈ ఇంట్లోనే.

నా దాంట్లోంచి ఆయన దాంట్లోకి బొమ్మ నేరుగా వెళ్ళదు. రెంటికీ పొసగదు. బొమ్మను కాగితం మీద అచ్చు వేసి ఇస్తే, తను దాన్ని తెర మీద కింద పరిచి, పైన మళ్ళీ గీస్తానన్నారు. ఇచ్చాను. రాగి గీతలు పలకకు కింది వైపు ఉంటాయి. పైనుంచి చూసి గీసినదాన్ని కింద వెయ్యాలంటే, అద్దంలో చూసినట్టు తిప్పాలి. నేను ముందే తిప్పి అచ్చు వేశాను. బట్ట మీద సుద్దతో రాసుకునే అలవాటు చొప్పున, కాగితం మూల మీద ఒక్క మాట రాశాను: తిరగేసి.

ఆయన తీరిక చూసుకుని గీసి పంపడానికి అయిదు వారాలు, బోర్డులు రావడానికి ఇంకో మూడు వారాలు పట్టాయి. అన్నాళ్ళూ పొయ్యి నేను పటకారుతో తిప్పాను. అత్తయ్య పక్కనే నిలబడి నా వంట చూసేది. కూరలో ఉప్పు చూసి కళ్ళు మూసుకునేది. ఒక రోజు నా చేతిలోంచి పటకారు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "దొంగలు వండుకున్నట్టుంది అమ్మాయ్ మన బతుకు," అంది. ఇద్దరం నవ్వాం. నవ్వి, నేను వెళ్ళి మిషన్ మీద కూర్చుని ఒక గౌను చేతిని రెండుసార్లు తప్పు కుట్టాను.

వచ్చాయి బోర్డులు, పది. ఆకుపచ్చగా నున్నగా చూడముచ్చటగా ఉన్నాయి. ఒక్కదాంట్లో ముక్కలన్నీ సోల్డర్ చేసి బ్యాటరీ పెట్టాను. మోగలేదు. ఐసీ మీద వేలు పెడితే వేలు కాలింది. రెండోది కట్టాను. అదీ అంతే. మూడో ఐసీ కూడా కాలిపోయాక బావగారికి ఫోన్ చేశాను. ఆయన సాయంత్రం వచ్చి, కూర్చోకుండానే ఒక బోర్డు చేతిలోకి తీసుకుని చూశారు.

"నీ బొమ్మను ఉన్నదున్నట్టే గీశాను. మా సాఫ్ట్‌వేర్ ఒక్క తప్పు కూడా చూపించలేదు. మూలంలోనే తప్పుంది," అన్నారు. తర్వాత, పక్కకు తిరిగి తమ్ముడితో అన్నారు: "టైలరు చేత సర్క్యూట్లు గీయిస్తే ఇంతే మరి."

నేను అక్కడే ఉన్నాను. చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉన్నాను. మా ఆయన అప్పుడు కూడా చెప్పులే చూశారు. ఆ రోజు ఇంట్లో గిన్నెలు కడిగిన చప్పుడు వీధి చివరి దాకా వినపడి ఉంటుంది.

మర్నాడు ఫ్యాక్టరీ పని మీద బావగారు పొరుగూరు వెళ్ళారు, రెండు వారాలు. ఆయన గీసిన బొమ్మ చూసి తప్పెక్కడో పట్టుకుందామంటే అది ఆయన పేరు మీద ఉంది. ఫోన్ చేసి దాని తాళం, అదే పాస్‌వర్డ్, అడిగాను. ఇచ్చారు, దానికి పేచీ పెట్టలేదు. తెరిచేసరికి ఉచిత గడువు అయిపోయిందని తెర మీద పడింది. చూడొచ్చట, ముట్టుకోకూడదట. కాగితం మీద అచ్చు కూడా వేసుకోకూడదట. నా అత్త కోసం నేను గీసిన బొమ్మ, మా ఇంటి పొయ్యి కోసం గీసిన బొమ్మ, అద్దాల బీరువాలో పెట్టి నాకే చూపిస్తున్నారు. ఆ కంపెనీ వాడు ఎదురుగా ఉంటే నా కత్తెరకు పని దొరికేది.

తప్పు నాదేనేమో అని కూడా అనిపించింది. అది ఇంకా ఎక్కువ కోపం తెప్పించింది. నా బూడిదరంగు దాంట్లో బొమ్మను గీత గీతగా మళ్ళీ చూశాను. ఎక్కడా తప్పు కనపడలేదు. ఒక గంట తెచ్చుకుని, అది నా చేత్తో మోగిస్తూ అత్తయ్యకు అలవాటు చెయ్యడం అప్పుడే మొదలుపెట్టి ఉండొచ్చు. అది నాకు తట్టలేదు. నేను గెలవడం మీద పడ్డాను. ఆ రోజుల్లోనే అత్తయ్య పక్కింటావిడ పేరు మరిచిపోయింది, మేడ మెట్లు ఎక్కి ఎందుకొచ్చానని ఆగిపోవడం మొదలుపెట్టింది.

తప్పు దొరికింది కిటికీ దగ్గర. చొక్కా రెండు వైపుల ముక్కలూ ఒకటేనా కాదా అని చూడడానికి వాటిని ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనిస్తాం. వెలుతురు మీద గీతలు కలిస్తే సరే, కలవకపోతే కాదు. ఒక మధ్యాహ్నం అలా ఒక ముక్క చూస్తూ ఉంటే చెయ్యి ఆగిపోయింది. నా దగ్గర మిగిలిన అచ్చు కాగితం, ఖాళీ బోర్డు తెచ్చి అద్దానికి పెట్టాను. గీతలు ఒక్కటీ కలవలేదు. బోర్డును బోర్లా తిప్పి పెట్టాను. అన్నీ కలిశాయి. ఒక్క వెంట్రుకవాసి తేడా లేదు.

నేను ఒకసారి తిప్పి ఇచ్చాను. ఎవరో మళ్ళీ తిప్పారు. రెండుసార్లు తిరగేసిన చొక్కా మళ్ళీ మొదటికే వస్తుంది.

బావగారు ఊరి నుంచి వచ్చిన రోజే ఆయన ఇంటికి వెళ్ళాను. మా ఆయన వద్దన్నారు, తర్వాత నేనూ వస్తానన్నారు, చివరికి నా వెనకే నడిచారు. బావగారు భోజనం చేసి లేచారు అప్పుడే. బొమ్మ తెరవమన్నాను. దేనికి, ముట్టుకోలేం కదా అన్నారు. చూడొచ్చుగా అన్నాను. తెరిచారు.

ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక సుగుణం ఉంది, ఉన్నది చెప్పుకోవాలి. ఎవరు ఏ మార్పు చేసినా పక్కన పేరు, తేదీ, గంట పడతాయి. ఫ్యాక్టరీల్లో తప్పు ఒకళ్ళ మీద ఒకళ్ళు నెట్టుకోకుండా ఉండడానికి పెట్టారట. ఆ పట్టీ కిందికి, కిందికి లాగించాను. అట్టడుగున, మొట్టమొదటి పని: పరిచిన చిత్రం అద్దంలా తిప్పబడింది. పక్కన బావగారి పేరు, ఉదయం తొమ్మిదీ పది.

ఆయన దాన్ని చదివారు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చదివారు.

"నువ్వే రాశావుగా, కాగితం మీద. తిరగేసి అని."

"తిరగేసి అని రాశాను. తిరగెయ్యండి అని రాయలేదు."

"తిరగేసి అంటే తిరగేసి వాడమనే కదా ఎవరైనా అనుకుంటారు."

"కుట్టేవాళ్ళెవరూ అనుకోరు. తిరగేశాం, ఇంక ముట్టుకోవద్దు అని. రెండు వీధుల అవతలే ఉన్నాను బావగారూ. ఒక్క మాట అడిగితే సరిపోయేది."

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. "మా దగ్గర పైనుంచి చూసి గీస్తాం," అన్నారు. అంతే. తప్పయిందనలేదు, టైలరు మాట వెనక్కి తీసుకోలేదు. అరవాలనుకున్నవన్నీ వరసగా నోటి దాకా వచ్చాయి. అప్పుడు నా వెనక నుంచి మా ఆయన గొంతు వినపడింది. "నాబ్‌లు ఇవ్వు అన్నయ్యా," అన్నారు. ఆ ఇంట్లో ఆ గొంతుతో ఆయన మాట్లాడడం నేను విన్నది అదే మొదలు. బావగారు అలమర తెరిచి, ఒక కవరులో భద్రంగా పెట్టిన మూడు నాబ్‌లూ తీసి తమ్ముడి చేతిలో పెట్టారు.

బోర్డులు పారెయ్యక్కర్లేదని దారిలోనే తట్టింది. గీతలు తిరగబడితే ముక్కలు కూడా అవతలి వైపు నుంచి గుచ్చితే సరి. ఆ సాయంత్రమే ఒక బోర్డుకు రాగి వైపు నుంచి అన్నీ పెట్టి సోల్డర్ చేశాను. లోపలిది బయటికి వేసుకున్న చొక్కాలా ఉంది చూడ్డానికి. బ్యాటరీ పెట్టాను, వేడి గిన్నె ముందు పెట్టి పక్కకు జరిగాను. మోగింది. ఇన్నాళ్ళూ ఆగింది దీనికోసమా అని నాకు ఏడుపొచ్చినంత పనయింది. దాన్ని చిన్న పెట్టెలో బిగించి పొయ్యి పైన గోడకు తగిలించాను.

అత్తయ్య పొయ్యి ముందు నిలబడి నాబ్ తిప్పింది. మంట వచ్చింది. దాన్ని పెంచింది, తగ్గించింది, మళ్ళీ పెంచింది. "బాగుచేసేవాడు వచ్చాడా?" అంది. వచ్చాడన్నాను.

మర్నాడు పొద్దున పాలు పెట్టి ఆవిడ వరండాలోకి వెళ్ళింది. కాసేపటికి గంట మోగింది. నేను కుట్టు ఆపి చెవులు రిక్కించాను. అత్తయ్య అడుగుల చప్పుడు వినపడింది, వంటింటి వైపు కాదు, నా వైపు. నన్ను దాటి వెళ్ళి వీధి తలుపు తీసింది. అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని నాకు చెప్పి, తలుపు వేసి కూర్చుంది. గంట మోగుతూనే ఉంది.

గంటంటే ఆవిడకు తలుపు. డెబ్భై ఏళ్ళుగా అంతే. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించాను: ఇది మోగితే పొయ్యి కట్టెయ్యాలి. సరే అంది. మధ్యాహ్నం మళ్ళీ మోగింది. వెళ్ళి తలుపు తీసింది. వారం రోజులు నేర్పాను, రోజుకు పదిసార్లు. చెప్పినంతసేపూ బుద్ధిగా వినేది, పదకొండోసారి వెళ్ళి తలుపు తీసేది. చప్పుడు మార్చాను. కూత పెట్టాను, పిట్ట అరుపు పెట్టాను. పిట్ట అరిస్తే కిటికీ దగ్గరికి వెళ్ళింది.

డాక్టరమ్మ చెప్పిన నెలలు అయిపోయాయి. మొదటి రోజు నా బూడిదరంగు దాంట్లో గీసిన బొమ్మ పంపి ఉంటే, మూడు వారాల్లో గోడకు ఉండేది. అప్పటికి పక్కింటావిడ పేరు ఆవిడకు తెలుసు. అప్పుడు నేర్పి ఉంటే నేర్చుకునేది. నేర్చుకునేదని నాకు తెలుసు. అది తలుచుకున్నప్పుడల్లా బావగారిని తిట్టుకున్నాను. మా ఆయన్ని కూడా వదల్లేదు. మీ 'మంచికే కదా' ఇదిగో, వచ్చి చూసుకోండి, గంట మోగుతోంది, మీ అమ్మ వీధి తలుపు తీసి నిలబడింది అన్నాను. ఆయన వెళ్ళి పొయ్యి కట్టేశారు.

ఒక సాయంత్రం అత్తయ్య అలాగే తలుపు తీసింది. ఆ రోజు నిజంగానే గుమ్మంలో మనిషి ఉన్నాడు. బావగారు. నేను పలకరించలేదు. ఆయన లోపలి నుంచి వస్తున్న మోత విని, చెప్పులు విడుస్తూ మామూలుగా, "అమ్మా, పొయ్యి," అన్నారు.

అత్తయ్య వెనక్కి తిరిగింది. "అయ్యో, పాలు," అంటూ నేరుగా వంటింట్లోకి వెళ్ళి పొయ్యి కట్టేసింది.

నేను చూశాను. చూడకుండా ఉంటే బాగుండుననిపించింది.

మర్నాడు గంట ఆపేసి, నేనే పిలిచి చూశాను. అత్తయ్యా, పొయ్యి. "నువ్వు చూడమ్మా, నాకు కాళ్ళు నొప్పి," అంది. మా ఆయన చేత పిలిపించాను. "నీకేం తెలుసురా వంట సంగతి," అని కసిరింది. పెద్దకొడుక్కి ఎనిమిదేళ్ళప్పుడు మామగారు పోయారట. అత్తయ్య వంటశాలలో ఉంటే ఇంట్లో తమ్ముణ్ణి, పొయ్యిని, తాళాలను చూసుకున్నది ఆ ఎనిమిదేళ్ళ పిల్లాడేనట. ఇది నాకు మా ఆయన చెప్పారు, ఆ పూట. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ముందే చెప్పొచ్చు కదా అన్నాను. నువ్వు అడగలేదుగా అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మాట నేను బావగారిని అన్నదే.

బోర్డు మళ్ళీ గీశాను, నా బూడిదరంగు దాంట్లో, ఎవరినీ అడక్కుండా. ఈసారి గంటకు బదులు, ఒక మాట దాచుకుని పలికే చిన్న ముక్క, పిల్లల బొమ్మల్లో ఉండేది. బోర్డులు వచ్చాయి, మొదటిసారికే పనిచేశాయి. గోడకు పెట్టేముందు మాట నింపాలి. ఆ మాట కోసం ఎవరి దగ్గరికి వెళ్ళాలో తెలుసు. రెండు రోజులు వెళ్ళలేదు. మూడో రోజు వెళ్ళాను.

విషయం చెప్పాను. ఆయన బోర్డును చేతిలోకి తీసుకుని రెండు వైపులా చూశారు. గీతల గురించి ఏదో అనబోయి ఆగారు. గుండీ నొక్కి చెప్పమన్నాను. గొంతు సవరించుకుని, రైలుస్టేషన్లో చెప్పినట్టు, "అమ్మా, పొయ్యి ఆపవలెను," అన్నారు.

"అలా కాదు బావగారూ. మామూలుగా అనండి."

మళ్ళీ అన్నారు. అదీ బాగాలేదు. ఏడెనిమిదిసార్లు అయ్యాక ఆయన బోర్డు వైపు చూడడం మానేసి, ఎదురుగా గోడ వైపు చూస్తూ, చిన్నగా, "అమ్మా, పొయ్యి," అన్నారు. నేను గుండీ వదిలేశాను. అది చాలన్నాను. ఏమైనా అంటారేమోనని నేను కాసేపు నిలబడ్డాను, తప్పయిందనే ఆ ఒక్క మాట ఈసారైనా వస్తుందేమోనని. రాలేదు. బోర్డు సంచిలో వేసుకుని వచ్చేశాను.

ఇప్పుడు రోజుకు మూడు నాలుగుసార్లు మా వంటింట్లోంచి ఆయన గొంతు పిలుస్తుంది. ఆ గొంతు వినపడితే నాకు పళ్ళు బిగుసుకుంటాయి, ఇప్పటికీ. అత్తయ్య మాత్రం ఎక్కడున్నా, "వస్తున్నా పెద్దోడా," అని లేచి వెళ్ళి పొయ్యి కట్టేస్తుంది. ఒక్కసారి కూడా తప్పలేదు. వంట ఆవిడదే.

పొయ్యి కట్టేశాక కొన్ని పూటలు ఆవిడ కంచం తీసి, వేడివేడిగా వడ్డించి, బల్ల మీద పెట్టి, గది గదికీ వెళ్ళి చూసి వస్తుంది. ఇప్పుడే పిలిచాడు, ఇంతలో ఏడి అని నన్ను అడుగుతుంది. పనుండి వెళ్ళిపోయారు అత్తయ్యా అంటాను. ఆవిడ మొహం చిన్నబుచ్చుకుని ఆ కంచం వైపు చూస్తూ కూర్చుంటుంది. అప్పుడు నేను మిషన్ మీద నుంచి లేచి వెళ్ళి, ఆయనకు వడ్డించిన ఆ కంచం నా ముందుకు లాక్కుని, మెతుకు మిగల్చకుండా తినేస్తాను. ఉప్పు ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది.